శాంసన్ చేతుల కొలత

దయాకర్ తను తయారుచేస్తున్న కంప్యూటర్ ఆట గురించి నెట్‌లో పెట్టిన వీడియో నిడివి రెండు నిమిషాల పది సెకన్లు. శాంసన్ మొదటి రోజే దాన్ని పదకొండుసార్లు చూశాడు. ఆట చూడటానికి కాదు. ఆ ఆటలో ప్రతి గోడా ప్రతి మెట్టూ అతనికి కంఠతా వచ్చు. వీడియో కింద జనం రాస్తున్న మాటల కోసం చూశాడు. పొద్దున నలభై ఉన్నవి మధ్యాహ్నం కరెంటు వచ్చేసరికి మూడు వందలు దాటాయి. ‘అన్నా, ఎప్పుడొస్తది?’ ‘గ్రే బెల్ ఆటకు మన ఊరి బట్టలు తొడిగినవ్ కదన్నా!’ ‘జర దసరాకన్న ఇయ్యి. సమ్మెల అందరం ఖాళీగనే ఉన్నం.’ పేరు రాసుకోని ఒకతను మాత్రం రోజూ ఒక్కటే ముక్క రాసిపోయేవాడు: ‘ఇయ్యాల గూడ చూసిన. రాలే.’

ఆ ముక్క శాంసన్‌కి గుచ్చుకుంది. పొగడ్తలు అంతగా గుచ్చుకోలేదు. పొగడ్త ఒక నిమిషం పని. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి రోజూ వచ్చి, తొంగిచూసి, రాలేదని నిట్టూర్చి వెళ్లడం వేరు. తన ఇరవై నాలుగేళ్ల బతుకులో ఎవరైనా తన కోసం అలా ఎదురుచూశారా అని వెతుక్కున్నాడు. అమ్మ చూసింది, అన్నం చల్లారిపోతోందని. అంతే.

దయాకర్‌కి అసలు ఈ ఆటలు నేర్పిందే శాంసన్. రెండేళ్ల కింద, 2009 డిసెంబరులో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రాజుకుని క్యాంపస్‌లో మెస్‌లు మూతపడ్డప్పుడు, మహబూబాబాద్ వైపు పల్లె నుంచి వచ్చి ఎంసీఏలో తన క్లాసులోనే చేరిన ఆ సన్నటి మనిషిని శాంసన్ తార్నాకలోని తమ ఇంటికి తీసుకొచ్చాడు. పన్నెండు రోజులున్నాడు. శాంసన్ తండ్రి రత్నకుమార్ మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. గుంటూరు వదిలి వచ్చి ఇరవై రెండేళ్లయినా కూర తాలింపు దగ్గర మాత్రం రాజీపడని ఇల్లు వాళ్లది. తల్లి రాహేలు మూడో రోజుకే దయాకర్‌ని సొంత బిడ్డలా కసరడం మొదలుపెట్టింది. “ఆ ప్లేటు అక్కడ పెట్టు బాబూ, కడగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు!” బయట బాష్పవాయువు కళ్లు మండిస్తుంటే కిటికీలన్నీ మూసుకుని, శాంసన్ అతని చేతికి కంట్రోలర్ ఇచ్చాడు.

గ్రే బెల్ మూడు భాగాలుగా వచ్చిన ఆట. అన్ని దేశాల్లోనూ దానికి పిచ్చి అభిమానులున్నారు. బూడిదరంగు కవచం తొడుక్కున్న యోధుడు ఒక కోటలోకి వెళ్తాడు. చచ్చినప్పుడల్లా ఎక్కడో గంట మోగుతుంది. మళ్లీ మొదటి నుంచి. ఎదుటివాడి కత్తి తగలబోయే సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కితే దాన్ని అడ్డుకోవచ్చు. ముందు నొక్కితే దండగ, ఆలస్యమైతే గంట. దయాకర్ మొదటి రోజు లెక్కలేనన్నిసార్లు చచ్చాడు.

“ఏంది భయ్, గీ గంట నా పెండ్లికి కొడుతున్నరా?” అని నవ్వాడు.

శాంసన్ మూడు భాగాలూ ఒక్క దెబ్బ తినకుండా ముగించినవాడు. అతను ఆడుతుంటే దయాకర్ తెర చూడటం మానేసి అతని చేతుల వంక చూసేవాడు. ఆ చూపు శాంసన్‌కి ఎంత ఇష్టమో అప్పట్లో అతనికే తెలియదు.

“మనం కూడా ఇట్లాంటిదొకటి చెయ్యాలిరా,” అన్నది కూడా శాంసనే. మొదలుపెట్టింది కూడా అతనే. ఎనిమిది నెలలు కష్టపడి ఒక గంటస్తంభం కట్టాడు. ఇటుకలు బాగాలేవని చెరిపాడు. వెలుగు బాగాలేదని చెరిపాడు. ప్రతిసారీ తన స్తంభం పక్కన గ్రే బెల్ స్తంభం గుర్తొచ్చి సిగ్గేసేది. చివరికి ఆ ఫోల్డరు తెరవడమే మానేశాడు. దయాకర్‌కి ఆ సిగ్గు లేదు. అడ్డదిడ్డంగా మొదలుపెట్టాడు. అతని యోధుడి చేతిలో కత్తి లేదు, పొట్టి లావు కర్ర ఉంది. వాళ్ల వైపు దాన్ని గుత్ప అంటారు. కోట బదులు దొర గడి, కాపలావాళ్ల బదులు దొర మనుషులు. ఆట పేరూ ‘గుత్ప’. గడి గోడలు, తలుపులు, పావురాలు అన్నీ వాళ్ల క్లాసులోనే చదివే లాలాపేట్ అమ్మాయి సింధూజ గీసింది. కోడు మొత్తం దయాకర్ ఒక్కడే రాశాడు.

శాంసన్‌కి మిగిలింది ఆడి చూడటం.

ప్రతి శనివారం దయాకర్ హాస్టల్ నుంచి ల్యాప్‌టాప్ సంచితో తార్నాక నడిచొచ్చేవాడు. ఇద్దరూ శాంసన్ గదిలో నేల మీద కూర్చునేవాళ్లు. తెర మీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుంది, ఒక్కో మార్పునీ ఫ్రేము అంటారు. కర్ర తగలబోయే ముందు బటన్ నొక్కడానికి ఆటగాడికి ఎన్ని ఫ్రేముల వ్యవధి ఇవ్వాలన్నదే ఆ ఆటకు ప్రాణం. దయాకర్ పన్నెండుతో మొదలుపెట్టాడు. తను స్వయంగా ఆడేవాడు కాదు. కోడు సరిచూసుకోవడానికి తన యోధుడికి చావులేకుండా ఒక మీట పెట్టుకుని తిరిగేవాడు. కష్టమా, సులువా అన్నది తేల్చే పని శాంసన్‌దే.

“ఎట్లున్నది?”

“ఈజీగా ఉంది.”

“ఇంకా?”

“నిద్రలో కూడా కొట్టొచ్చు.”

దయాకర్ తలూపి ఒక ఫ్రేము తగ్గించేవాడు. పది, తొమ్మిది, ఏడు. సులువు ఆటలంటే ఇద్దరికీ చులకనే. గ్రే బెల్ ఆడలేక వదిలేసినవాళ్ల గురించి ఎన్ని సాయంత్రాలు నవ్వుకున్నారో! ఆ గర్వమే వాళ్లని అంత దూరం తీసుకుపోయింది. ఏడు దాకా శాంసన్ చెప్పింది నిజం. ఆరు దగ్గర అతను మొదటిసారి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. అయినా “ఈజీ” అన్నాడు. ఎందుకన్నాడో ఆలోచించలేదు. ఐదు. నాలుగు. నాలుగు దగ్గర అతని మెడ వెనక చెమట పట్టింది. గెలిచాడు. గెలిచి, కంట్రోలర్ కింద పెట్టి, ఆవలించాడు.

ఆ ఆవలింత దొంగది. అది అతనికి తెలుసు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, క్లాసుల్లేవు, కరెంటు ఉన్నప్పుడు ఉంది. వీడియో బయటికొచ్చింది అప్పుడే. ఆ వారంలో ఒక మధ్యాహ్నం, డిగ్రీ చదివే చెల్లెలు దీప్తి గదిలోకొచ్చి, “అన్నయ్యా, అందరూ అడుగుతున్న ఆ ఆటేదో నన్నూ ఆడనియ్,” అంది.

శాంసన్ తన కంప్యూటర్‌లో ఉన్న కాపీ తెరిచి ఇచ్చాడు. గడి తలుపు ముందు నిలబడే మొదటి కాపలావాడు ఆమెని చంపాడు. మళ్లీ చంపాడు. ఇరవై నిమిషాలు చంపుతూనే ఉన్నాడు.

“ఇది ఆటా, ఎంసెట్టా?” అంది దీప్తి కంట్రోలర్ మంచం మీద పడేసి. “నువ్వు తప్ప ఎవడూ ఆడలేడు దీన్ని. మీ దయాకర్‌తో చెప్పు, తలుపు దాటనిస్తే లోపల ఏముందో చూస్తామని.”

ఆమె వెళ్లిపోయింది. నువ్వు తప్ప ఎవడూ ఆడలేడు. ఆ మాట అతనిలో ఎక్కడో వెచ్చగా వ్యాపించింది. చలికాలం పొద్దున మొదటి గుక్క టీ దిగినట్టు. ఆ వెచ్చదనానికి అతను సిగ్గుపడాల్సింది, కానీ ముందు దాన్ని పూర్తిగా అనుభవించాడు.

సాయంత్రం దయాకర్ ఫోన్ చేశాడు.

“శాంసన్, సింధూజ ఒక్కటే నస పెడుతున్నది. కొత్తోళ్లతోని ఆడిపియ్యాలె, నువ్వొక్కనివి ఆడితె సరిపోదు అంటున్నది. మీ చెల్లె ఏమన్న ఆడిందా?”

“ఆడింది.”

“అవునా! ఏమన్నది?”

నిజం చెప్పడానికి మూడు మాటలు చాలు. అవి నాలుక దాకా వచ్చాయి కూడా. కానీ వాటికి అడ్డంగా, దయాకర్ ఆట కోసం రోజూ వచ్చిపోయే ఆ ముక్కు మొహం తెలియని మనిషి నిలబడ్డాడు. ఇయ్యాల గూడ చూసిన, రాలే.

“బాగుందంది,” అన్నాడు శాంసన్.

“లోపటి దాక పోయిందా?”

“పోయింది.”

“అగో, సింధూజకు చెప్త. ఇగ నాలుగే ఖాయం.”

ఫోన్ పెట్టేశాక శాంసన్ తనకి తాను ఎన్నో కారణాలు చెప్పుకున్నాడు. దీప్తికి ఆటలు రావు. అసలైన ఆటగాళ్లు నేర్చుకుంటారు. గ్రే బెల్ కూడా మొదట్లో అందరినీ ఏడిపించింది. కారణాలన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగానే ఉండటమే అతనికి అనుమానం కలిగించింది. మనిషి నిజం చెప్పినప్పుడు ఇన్ని కారణాలు అక్కర్లేదు కదా.

దసరాకు ముందు శనివారం హాస్టల్ టీవీ గదిలో ఆటని అందరికీ చూపించి, అదే సాయంత్రం నెట్‌లో పెట్టేయాలని దయాకర్ అనుకున్నాడు. ఆ రోజు క్యాంపస్‌కి కరెంటు రెండు నుంచి ఐదు దాకా. రెండింటికే గది నిండిపోయింది. కిటికీల ఊచలు పట్టుకుని బయట కూడా నిలబడ్డారు. ఉద్యమ సభల్లో మైకు పట్టే ఇన్నయ్య, ఎకనామిక్స్ పీహెచ్‌డీ, ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మైకు లేకపోయినా అతని గొంతు మైకులోంచి వచ్చినట్టే ఉంటుంది.

“గీయన శాంసన్ అన్నా,” అని దయాకర్ పరిచయం చేశాడు. “ఆట మొత్తం ఆడి చూసింది ఈయనే.”

“ఏడ మనది?” అన్నాడు ఇన్నయ్య.

“తార్నాక.”

“అది ఇప్పుడు. అసలు?”

“గుంటూరు,” అన్నాడు శాంసన్.

“మంచిగున్నది!” అని ఇన్నయ్య తొడ చరిచాడు. “దొర గడి కూలగొట్టెతందుకు గుంటూరు నుంచి మనిషిని పిలిపిచ్చినవా దయాకర్? మా దగ్గర దొరుకలేదా?”

అందరూ నవ్వారు. శాంసన్ కూడా నవ్వాడు. దయాకర్ మాత్రం నవ్వకుండా, “ఈయన లేకుంటె గడే లేదన్నా,” అన్నాడు.

టీవీ తెర నల్లబడి అక్షరాలు వచ్చాయి. ఆట: దయాకర్. బొమ్మలు: సింధూజ. చేతులు: శాంసన్.

ఇది శాంసన్‌కి తెలియదు. టెస్టింగ్ అని రాస్తాడనుకున్నాడు. చేతులు అని ఉంది. ఇప్పుడు చెప్పేయాలి, ఇన్నయ్య కంట్రోలర్ అందుకునేలోపు చెప్పేయాలి అనుకున్నాడు. ఇన్నయ్య అందుకున్నాడు.

గడి తలుపు తెర మీదికి రాగానే ఈలలు మోగాయి. “మా ఊర్ల గిట్లనే ఉంటది రా బై!” అని ఎవరో అరిచారు. సింధూజ మొహం వెలిగిపోయింది. మొదటి కాపలావాడు కర్ర ఎత్తాడు. ఇన్నయ్య బటన్ నొక్కాడు. యోధుడు కూలాడు. గది గొల్లుమంది. రెండోసారి, మూడోసారి కూడా గొల్లుమంది. ఎనిమిదోసారి నవ్వు సగానికి తగ్గింది. ఇన్నయ్య పక్కవాడికిచ్చాడు. పక్కవాడూ కూలాడు. కంట్రోలర్ వరస వెంట వెళ్తోంది, యోధుడు కూలుతూనే ఉన్నాడు.

“నొక్కిన గద! చక్కగ నొక్కిన!”

“దొర మనుషులు మస్తు కసరత్ చేసినట్టున్నరు.”

“ఏం దయాకర్, మేం ఇన్ని రోజులు చూసింది ఈ తలుపు కోసమేనా?”

ఆ ఆఖరి మాట అన్నవాడు వేళాకోళంగానే అన్నాడు. కానీ దయాకర్ చెవులు ఎర్రబడ్డాయి. అరగంట గడిచింది. వెనక వరస నుంచి ఇద్దరు లేచి వెళ్లారు. తర్వాత నలుగురు. సింధూజ తను గీసిన గడిలోకి తనే వెళ్లలేక పదకొండుసార్లు చచ్చి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని దయాకర్ వంక చూసింది.

ఇదంతా శాంసన్ గోడకి ఆనుకుని చూశాడు. భయం వేయాలి, జాలి వేయాలి. రెండూ ఉన్నాయి. కానీ వాటి అడుగున ఇంకొకటి ఉంది, నీళ్ల అడుగున రాయిలా కదలకుండా. వెళ్లండి, ఇంకా వెళ్లండి అంటోంది అది. ఎదురుచూపు ఎలా కరిగిపోతుందో కళ్లారా చూడాలని తను వచ్చాడన్న సంగతి అతనికి అప్పుడు తెలిసింది. ఆట పాడైపోవాలని కాదు. ఆట అతనికీ ఇష్టమే. దాని ముందు తను తప్ప ఇంకెవరూ నిలబడకూడదు. అంతే.

“మీకు చాతగాకుంటె శాంసన్ ఆడుతడు, చూడుండ్రి,” అన్నాడు దయాకర్. అతని గొంతులో బతిమాలుతున్న జీర.

శాంసన్ వచ్చి ముందు కూర్చున్నాడు. కంట్రోలర్ తడిగా ఉంది, అందరి చెమటతో. మొదటి కాపలావాడు కర్ర ఎత్తాడు. టక్. అడ్డుకున్నాడు. గది ఒక్కసారి ‘హా’ అంది. టక్, టక్. కాపలావాడు పడ్డాడు. తలుపు తెరుచుకుంది. వెళ్లిపోయినవాళ్లు కేక విని వెనక్కి వచ్చారు. లోపలి వాకిట్లో ఇద్దరు, మెట్ల మీద ముగ్గురు, పావురాల గూటి దగ్గర కాపలావాళ్లలో పెద్దవాడు. ప్రతి దెబ్బకీ గది ఊపిరి బిగబట్టి వదులుతోంది, అతని వేళ్లతో పాటే.

“గుంటూరోడు గడి కూలగొడుతుండు రో!” అని ఇన్నయ్య అరుస్తున్నాడు. ఆ అరుపులో ఇప్పుడు వెటకారం లేదు, ముద్దు ఉంది.

ఇన్నేళ్లు అతను కోరుకున్నది ఇదే. వంద మంది కళ్లు. అది వచ్చి మీద పడుతుంటే, అది ఇంత పల్చగా ఉంటుందని అతను అనుకోలేదు. పక్కకి చూడకుండానే తెలిసింది, దయాకర్ తెర చూడటం లేదు. పూర్వంలాగే అతని చేతుల వంక చూస్తున్నాడు. కానీ ఆ చూపు పూర్వంలా లేదు. లెక్క కట్టుకుంటున్న మనిషి చూపు అది.

“శాంసన్,” అన్నాడు దయాకర్ మెల్లగా, అతనికి మాత్రమే వినపడేలా. “దీప్తి నిజంగ ఆడిందా?”

పెద్దవాడు కర్ర ఎత్తాడు. టక్.

“తలుపు దగ్గరే వదిలేసింది,” అన్నాడు శాంసన్ తెర మీంచి కళ్లు తిప్పకుండా. “ఇరవై నిమిషాలు చూసి వదిలేసింది. ఎవరికీ రాదని చెప్పమంది నీకు.”

టక్. పెద్దవాడు మోకాళ్ల మీద కూలాడు. గది పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. ఎవరో శాంసన్ భుజాలు పట్టి ఊపారు. ఆ గోలలో దయాకర్ పెదవులు కదిలాయి. మాట వినపడకపోయినా శాంసన్‌కి అర్థమైంది. ఎందుకు?

శాంసన్ దగ్గర జవాబు ఉంది. కానీ అది చెప్పే మాట కాదు.

దయాకర్ అతని చేతిలోంచి కంట్రోలర్ తీసుకున్నాడు. లాక్కోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుని కోడు తెరిచాడు. టీవీ తెర మీద గడి బదులు తెల్లటి వరసలు కనిపించాయి.

“ఏమైందన్నా? ఖరాబైందా?” అని కిటికీ బయట నుంచి అడిగారు.

“నేనే ఖరాబు చేసిన,” అన్నాడు దయాకర్ గట్టిగా, అందరికీ. “ఒక్క మనిషి చేతులు చూసి కొలత పెట్టిన. ఐదు నిమిషాలు ఆగుండ్రి.”

నాలుగుని చెరిపి తొమ్మిది చేశాడు. సింధూజ పక్కకి వంగి, “పది పెట్టు,” అంది. పది పెట్టాడు. శాంసన్‌ని అడగలేదు. ఇన్ని శనివారాల్లో ఒక్క అంకె కూడా అతన్ని అడగకుండా మార్చలేదు. ఇప్పుడు అడగలేదు. కొట్టినా, తిట్టినా అంత తగిలేది కాదు.

“నీ పేరు తియ్య,” అన్నాడు దయాకర్, కోడు మీంచి తలెత్తకుండా. “అట్లనే ఉంటది. గని ఇగ శనివారం నువ్ ఆడకు. నేనొస్త, దీప్తి ఆడుతది.”

“సరే.”

“ఆంటీకి నువ్వే చెప్పు, ఎందుకో.”

శాంసన్ లేచి మళ్లీ గోడ దగ్గరికి వెళ్లాడు. ఇంటికి వెళ్లిపోవచ్చు. తలుపు పక్కనే ఉంది. ఎన్‌సీసీ గేటు దాటితే పావుగంటలో తార్నాక. కానీ కాళ్లు కదల్లేదు. వెళ్లిపోతే, తను లేకుండా వాళ్లు ఆ తలుపు దాటడాన్ని జీవితాంతం ఊహించుకోవాల్సి వస్తుంది. ఊహ కంటే చూడటమే నయం.

కంట్రోలర్ మళ్లీ ఇన్నయ్య చేతికొచ్చింది. పది ఫ్రేములు. అయినా ఇన్నయ్య మొదటిసారి చచ్చాడు, రెండోసారి చచ్చాడు. మూడోసారి ఒక దెబ్బ అడ్డుకుని, రెండోదానికి తడబడ్డాడు. నోట్లో ఏదో తిట్టుకుంటూ, కళ్లు చికిలించి, తెర మీద ఆడుతున్న కర్ర కొసనే చూస్తున్నాడు. అందరూ అదే చూస్తున్నారు. కొత్తవాళ్లంతా చేసే తప్పు అదే. చూడాల్సింది వేరే చోటన్నది శాంసన్ గ్రే బెల్ మొదటి భాగంలో, పదో తరగతి సెలవుల్లో, తనంతట తాను కనిపెట్టిన రహస్యం. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. దయాకర్ చేతుల వంక చూస్తూ కూర్చున్న సాయంత్రాల్లో కూడా, అసలు చూడాల్సింది ఎక్కడో చెప్పలేదు. చెబితే తన దగ్గర ఏం మిగులుతుంది?

ఇన్నయ్య నాలుగోసారి చచ్చాడు.

“అన్నా,” అన్నాడు శాంసన్. గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. “అన్నా, కర్ర చూడకండి. వాడి భుజం చూడండి. భుజం ముందు లేస్తుంది. అప్పుడు నొక్కండి.”

ఇన్నయ్య వెనక్కి తిరగలేదు. “భుజమా?” అని గొణిగి, ముందుకు వంగాడు. కాపలావాడి భుజం లేచింది. టక్. ఇంకోసారి లేచింది. టక్.

తలుపు తెరుచుకుంది. గది లేచి నిలబడింది. వెనకవాళ్లకి తెర కనపడక కుర్చీలెక్కారు. “ఉండుండ్రి, లోపట ఏమున్నదో చూడనియ్యుండ్రి!” అని ఇన్నయ్య అందరినీ కసరుతున్నాడు. పక్కవాడు, “అన్నా, నెక్స్ట్ నాదే,” అని అప్పుడే చెయ్యి చాపాడు. భుజం చూడాలట, భుజం చూడాలట అని మాట వరస వెంట పాకిపోయింది. ఎవరు చెప్పారన్నది నాలుగో మనిషి దగ్గరే తెగిపోయింది.

జనం మధ్యలోంచి దయాకర్ అతని వంక చూశాడు.

“గీ మాట నాకెన్నడు చెప్పలే నువ్వు,” అన్నాడు.

“చెప్పలేదు,” అన్నాడు శాంసన్.